లీటరు బాయిలర్ స్టీమ్ క్లీనర్: బెజవాడ, గుంటూరు ఇళ్లలో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

స్టీమ్ క్లీనర్ కొనేవాళ్లు ముందు వాట్లు అడుగుతారు, తర్వాత ఆవిరి ఒత్తిడి ఎన్ని బార్లని అడుగుతారు. పెట్టెలో ఎన్ని గుడ్డలు ఇస్తున్నారని మాత్రం అడగరు. ఆవిరి చేసేది ఒక్కటే: అంటుకున్న జిడ్డును వదులు చేస్తుంది. దాన్ని అక్కడి నుంచి తీసేది గుడ్డ. నిండిపోయిన గుడ్డతోనే ఇంకా తుడుస్తూ పోతే ఒక టైలు మీది మురికి పక్క టైలు మీదికి చేరుతుంది. మిషను కొన్నాక నెల రోజులకే అటక ఎక్కించేవాళ్లలో చాలామంది ఇళ్లలో లోపం మిషనులో ఉండదు, గుడ్డల దగ్గర ఉంటుంది.

ఇక్కడ మాట్లాడుకుంటున్నది లీటరు బాయిలర్ ఉన్న డబ్బా రకం. ఇందులో బాగా తెలిసినది కార్చర్ ఎస్‌సీ 2 ఈజీఫిక్స్: 1500 వాట్లు, గరిష్ఠ పీడనం 3.2 బార్, వేడెక్కడానికి ఆరున్నర నిమిషాలు. బాయిలర్, రెండు మీటర్ల పైపు, ట్రిగ్గర్ ఉన్న గన్, రెండు పొడుగు గొట్టాలు, నేల తుడిచే వెడల్పు హెడ్, గుడ్డ తొడిగే చేతి నాజిల్, సన్న ధార నాజిల్, దానికి తగిలించే చిన్న గుండ్రటి బ్రష్ వస్తాయి. నేలకు ఒక గుడ్డ, చేతి నాజిల్‌కు ఒక తొడుగు. ఈ గుడ్డలు చాలవు. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కు నేల గుడ్డలు నాలుగు, చేతి తొడుగులు మూడు, విడిగా తుడవడానికి మామూలు మైక్రోఫైబర్ గుడ్డలు ఓ డజను ఉండాలి. వీటిని ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేసి ఉతక్కూడదు. పోగుల మీద మైనం లాంటి పొర పట్టి గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది, గీతలు మిగులుస్తుంది.

ప్రకటనల్లో కనిపించే 140 డిగ్రీల మాట అబద్ధం కాదు. మూడు బార్ల పైన బాయిలర్‌లో నీళ్లు ఆ వేడి దాటే ఉంటాయి. ప్రెషర్ కుక్కర్‌లో పప్పు త్వరగా ఉడికేది ఇందుకే. అయితే ఆ వేడి డబ్బా లోపలిది. నాజిల్ దాటగానే ఆవిరి విచ్చుకుని నూరు డిగ్రీలకు దిగుతుంది, దూరం పోయేకొద్దీ ఇంకా చల్లారుతుంది. కాబట్టి గట్టి ఉపరితలాల మీద నాజిల్‌ను రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, వాలుగా పట్టాలి. దూరం నుంచి కొడితే గది నిండా పొగమంచు తప్ప జిడ్డు కదలదు.

1500 వాట్లతో నిమిషానికి 40 గ్రాములకు మించి నీళ్లు ఆవిరి కావు. ట్రిగ్గర్ వదలకుండా నొక్కితే లీటరు నీళ్లు పాతిక నిమిషాలు, ఆపుతూ వాడితే నలభై నిమిషాల దాకా వస్తాయి. నీళ్లు అయిపోతే వెంటనే మూత తియ్యకూడదు. స్విచ్ తీసి, ఆవిరి ఆగేదాకా ట్రిగ్గర్ నొక్కి పట్టి, కాస్త చల్లారనిచ్చి, అప్పుడు మూత తిప్పాలి. తిరగకపోతే లోపల ఇంకా ఒత్తిడి ఉన్నట్టే, బలవంతం వద్దు. వేడి బాయిలర్‌లో చల్లనీళ్లు పోస్తే ఎదురు చిమ్ముతాయి, ముఖం పక్కకు పెట్టుకుని కొద్దికొద్దిగా పోయాలి. మళ్లీ వేడెక్కడానికి అయిదారు నిమిషాలు. పెద్ద ఇంటికి ఈ రకంలో నిజమైన ఇబ్బంది ఇదే. పని మధ్యలో నీళ్లు పోసుకునే వీలున్న ఎస్‌సీ 3 లాంటివి 30 సెకన్లలో వేడెక్కుతాయి, కానీ 1900 వాట్లు లాగుతాయి, నీటిలో ఉప్పును పట్టే కార్ట్రిడ్జ్ మార్చుకుంటూ ఉండాలి. బోరు నీళ్లు పోసే ఇంట్లో ఆ కార్ట్రిడ్జ్ త్వరగా అయిపోతుంది. చేతిలో పట్టుకునే 200 మిల్లీలీటర్ల రకం ఆరేడు నిమిషాలకే ఖాళీ. వాష్‌బేసిన్ చుట్టూ, కిటికీ పట్టాల్లో వాడటానికి తప్ప సోఫాకు చాలదు.

కరెంటు సంగతి చూసుకోకుండా కొనొద్దు. 1500 వాట్లంటే 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు. ఆరు ఆంపియర్ల చిన్న ప్లగ్గు దీనికి పనికిరాదు, గీజరుకో ఏసీకో పెట్టే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు కావాలి. పాత అపార్ట్‌మెంట్లలో పెద్ద ప్లగ్గులు వంటింట్లో ఒకటి, బాత్రూం దగ్గర ఒకటి ఉంటాయి, అంతే. మిషను వైరు నాలుగు మీటర్లు. హాల్లోకి రావాలంటే ఎక్స్‌టెన్షన్ తప్పదు. కూలర్‌కు వాడే సన్న వైరు బాక్సు వేడెక్కి కరుగుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గుతో, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో చేయించుకుని, చుట్ట మొత్తం విప్పి వాడాలి. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ 200కు పడితే ఇదే మిషను 1130 వాట్లే ఇస్తుంది; వేడెక్కడానికి రెండు మూడు నిమిషాలు అదనం, ఆవిరి పలచన. మిషను పాడైందనుకుని సర్వీసుకు పంపేముందు పొద్దున్నే ఒకసారి పెట్టి చూడండి. ఇన్వర్టర్ మీద పెట్టవద్దు.

ఇక నీళ్లు. కృష్ణా నీళ్లు వచ్చే ఇంట్లో ఒక రకం, బోరు మీదే ఆధారపడిన అపార్ట్‌మెంట్‌లో ఇంకో రకం. ఆవిరి అయ్యేది నీళ్లు మాత్రమే, అందులోని ఉప్పులన్నీ బాయిలర్‌లోనే మిగులుతాయి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల మొత్తం, లీటరుకు 800 మిల్లీగ్రాములు ఉన్న బోరు నీళ్లు పాతికసార్లు నింపితే లోపల 20 గ్రాముల ఉప్పు చేరుతుంది. ఆర్వో నీళ్లలో 50 ఉంటే అదే పాతికసార్లకు గ్రాముంబావు. అందుకే తాగే నీళ్లే పొయ్యండి. పని అయ్యాక అడుగున మిగిలిన నీళ్లను ప్రతిసారీ పారబోయండి, చిక్కబడిన ఉప్పంతా ఉండేది అందులోనే. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడితే ఉప్పు బెడదే ఉండదు, కాకపోతే అక్కడ పక్కనే యాసిడ్ సీసాలు కూడా ఉంటాయి, చీటీ చదివి తీసుకోవాలి. ఏసీ నుంచి కారే నీళ్లు ఉప్పు లేనివే అయినా కాయిల్ మీది దుమ్మును, బూజును మోసుకొస్తాయి, వద్దు. ఫినాయిలు, డెట్టాల్, సెంటు చుక్కలు బాయిలర్‌లో వేస్తే నురగ లేచి వాల్వు మూసుకుపోతుంది, ఆ ఆవిరి పీల్చేది మనమే.

ఏ పని మొదలుపెట్టినా మొదటి పది పదిహేను సెకన్ల ఆవిరి బకెట్‌లోకి కొట్టాలి. పైపు చల్లగా ఉన్నప్పుడు ఆవిరి లోపలే నీరై వేడినీటి ముద్దలుగా చిమ్ముతుంది. రెండు నిమిషాలు ఆపినా మళ్లీ అంతే. సోఫా మీద కనిపించే గుండ్రటి నీటి మరకల్లో చాలావాటికి మూలం ఈ చిమ్ముడు. బాయిలర్‌ను గీత దాటి నింపినా, మెట్ల మీద ఒరిగించి పెట్టినా ఇదే జరుగుతుంది.

మిషను తన డబ్బుకు న్యాయం చేసేది వంటింట్లో. పోపులు, వేపుళ్లు, ఎండుమిరపకాయల ఘాటు అన్నీ కలిసి పొయ్యి వెనక టైల్స్ మీద బంకలాగా పట్టే జిడ్డు తడిగుడ్డకు లొంగదు. ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులపాలి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా, గోరువెచ్చని నీళ్లు పావు లీటరు కలిపి చల్లి అయిదు నిమిషాలు వదలాలి. గోడ అడుగున పాత తువ్వాలు మడిచి పెట్టాలి, లేకపోతే కారిన జిడ్డు నీళ్లు ప్లాట్‌ఫాం సందులోకి దిగుతాయి. కుడిచేత్తో గుండ్రటి బ్రష్ తగిలించిన నాజిల్, ఎడమచేతిలో గుడ్డ. అడుగు మేర ఆవిరి పట్టి, చల్లారేలోపే తుడవాలి. పది సెకన్లు ఆలస్యమైనా జిడ్డు మళ్లీ గడ్డకట్టి పలచటి పొరలా పరుచుకుంటుంది. ఎడమచేతికి మందపాటి రబ్బరు గ్లవుజు ఉండాలి, ఆవిరి కాల్పు నూనె కాల్పుకు తక్కువేమీ కాదు.

గ్లాస్ టాప్ స్టవ్ పూర్తిగా చల్లారాకే ఆవిరి పెట్టాలి, అదీ ఒకచోట నిలపకుండా. చిమ్నీ స్టీల్ బాఫిల్ ఫిల్టర్లకు మాత్రం ఇది సరైన పనిముట్టు కాదు. మరిగే నీళ్లలో బట్టల సోడా వేసి అరగంట నానబెడితే ఆవిరికన్నా శుభ్రంగా వదులుతాయి. మీ ఫిల్టరు అల్యూమినియం జాలీ అయితే సోడా వద్దు, నల్లబడుతుంది. గ్రానైట్ ప్లాట్‌ఫాంకు ఆవిరి హాయిగా సరిపోతుంది. నూనె పట్టించి నల్లగా ఉంచుకున్న కడప రాయి మాత్రం ఆ నూనె పోయి పాలిపోతుంది, మళ్లీ పట్టించుకోవాలి. కబోర్డులకు అతికించిన సన్‌మైకా అంచుల దగ్గర ఆవిరి నిలిపితే జిగురు మెత్తబడి పైకి లేస్తుంది. లోపల ఎండీఎఫ్ (చెక్క పొట్టును అదిమి చేసిన పలక) ఉంటే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ తగ్గదు. అక్కడ ఆవిరిని గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో తుడవటమే. బొద్దింకలు గుడ్లు పెట్టే కీళ్ల సందుల్లో సన్న ధారతో రెండు సెకన్ల చొప్పున కొట్టి వెంటనే తుడిచేయవచ్చు. స్విచ్‌బోర్డు ఉన్న గోడవైపు మాత్రం నాజిల్ తిప్పకండి.

టైల్స్ సందులకు లెక్క ఉంది. పన్నెండడుగులు, పదడుగుల గదిలో రెండడుగుల టైల్స్ పరిస్తే సందుల పొడవు దాదాపు 30 మీటర్లు. మీటరుకు అర నిమిషం చొప్పున పదిహేను నిమిషాలు, అర లీటరుకు పైగా నీళ్లు. అంటే ఒక్కసారి నింపితే ఒక గది. నైలాన్ బ్రష్ మాత్రమే వాడాలి, ఇత్తడి బ్రష్ టైలు మెరుపును గీరేస్తుంది. ముందు గోటితో సందును గీకి చూడండి. పొడి రాలితే అక్కడి తెల్ల సిమెంటు చచ్చిపోయినట్టే, ఆవిరి పెడితే ముక్కలుగా లేచి వస్తుంది. మేస్త్రీని పిలిచి తిరిగి నింపించడం తప్ప మార్గం లేదు. రోజూ నేల తుడవడానికి ఈ మిషను అక్కర్లేదు, మాప్ కర్రే వేగం. పూజగది నేల మీద నూనె, కుంకుమ కలిసి గట్టిపడిన చోట, డైనింగ్ టేబుల్ కింద, బాత్రూం మూలల్లో దీని విలువ తెలుస్తుంది. దీపం మసి పట్టిన టైలును ముందు పొడిగుడ్డతో తుడవాలి, తడి తగిలితే మసి పులుముకుంటుంది. దేవుడి పటాల అద్దాలకు ఆవిరి తగలనీయకండి, చెమ్మ వెనక్కి దూరి బొమ్మను మచ్చలు చేస్తుంది.

బాత్రూం కుళాయిల మీద, షవర్ రంధ్రాల్లో బోరు నీళ్లు వదిలిన తెల్లటి పెచ్చును ఆవిరి కరిగించలేదు. అది సున్నం, దానికి పులుపు కావాలి. కిరాణా కొట్లో నిమ్మఉప్పు తెచ్చి, పావు లీటరు వేడినీళ్లలో రెండు చెంచాలు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి ఇరవై నిమిషాలు ఉంచాలి. నీళ్లతో కడిగాక అప్పుడు ఆవిరి పడితే చుట్టూ ఉన్న పాచి వదులుతుంది. టాయిలెట్ యాసిడో బ్లీచింగో చల్లిన చోట కడగకుండా ఆవిరి కొట్టడం ప్రమాదం, ఆ వాయువులు గొంతు పట్టేస్తాయి.

బట్ట విషయానికి వస్తే జాగ్రత్త రెట్టింపు కావాలి. సోఫాకు ముందు వాక్యూమ్ పట్టాలి, దుమ్ము మీద ఆవిరి పడితే బురద అవుతుంది. కనపడని చోట తెల్లగుడ్డ తడిపి అరనిమిషం అదిమి చూడాలి, రంగు దిగితే అక్కడితో ఆపేయండి. దిగకపోతే చేతి నాజిల్‌కు తొడుగు వేసి, ఒకే దిశలో, అడుగుకు మూడు నాలుగు సెకన్లు. ఒక్క మరకనే శుభ్రం చేయవద్దు. మురికి తడితోపాటు అంచుకు పాకి, ఆరాక చుట్టూ గోధుమరంగు వలయం మిగులుతుంది. కుట్టు నుంచి కుట్టు దాకా మొత్తం పలక చేయాలి. ఒక దిండు రెండు వైపులకీ ఒక తొడుగు, దాన్ని తిప్పి ఇంకో దిండు. తర్వాత పొడిగుడ్డతో అదిమి, ఫ్యాను వేసి, మూడు నాలుగు గంటలు ఎవరినీ కూర్చోనివ్వకండి. ఏప్రిల్, మే నెలల్లో రెండు గంటలకే ఆరుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల ఉక్కలో సాయంత్రం మొదలుపెడితే పొద్దుటికి ముక్కిన వాసన వస్తుంది. సోఫా పనిని వేసవికి పెట్టుకోవడం మంచిది.

మరకలన్నీ వేడికి లొంగవు. పాలు, గుడ్డు, రక్తం మరకల మీద ఆవిరి పెడితే ఉడికి పోగులో స్థిరపడిపోతాయి, ముందు చల్లనీళ్లే. ఆవకాయ నూనె పడితే ఆవిరి దాన్ని ఫోమ్ దాకా దింపుతుంది. మైదాపిండో టాల్కం పౌడరో చల్లి గంట ఉంచి దులిపి, గిన్నెల లిక్విడ్ చుక్కతో రుద్ది, చివరన ఆవిరి. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడనక్కర్లేదు, అది క్షారానికి పసుపు చూపే గుణం. ఆవిరి దాన్ని తీయదు, ఎండ తీస్తుంది. వెల్వెట్ నలిగి మచ్చపడుతుంది, రెగ్జిన్ బిగుసుకుపోయి పగులుతుంది, తోలు ముడుచుకుంటుంది. పట్టుచీరలకూ జరీకీ ఈ మిషను చూపించవద్దు. మంగళగిరి నూలు కర్టెన్లకు ఆవిరి ముడతలు బాగా తీస్తుంది గానీ గంజి మెత్తబడి నిలువు పోతుంది, నిలువు కావాలంటే మళ్లీ గంజి పెట్టాల్సిందే. షోకేసు తుడిచేటప్పుడు కొండపల్లి బొమ్మలను తీసి వేరే గదిలో పెట్టండి. తెల్ల పొణికి చెక్క ముక్కలను అతికేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. చెమ్మ తగిలితే అతుకు ఊడుతుంది, రంగు పొరలుగా లేస్తుంది.

పరుపుల మీద కంపెనీల ప్రకటనలు ఎక్కువ చెబుతాయి. పరుపులోని దుమ్ముపురుగులు 60 డిగ్రీల దగ్గర చస్తాయి, నిజమే. కానీ తుమ్ములు, ఆయాసం తెప్పించేది వాటి మలం, చచ్చిన శరీరాలు. ఆవిరి పట్టి ఆరాక మళ్లీ వాక్యూమ్ పట్టకపోతే ఉపయోగం సగమే. బూరుగు దూది పరుపుకు ఆవిరి అసలు వద్దు, లోపలి తడి ఆరక బూజు పడుతుంది. డాబా మీద ఎండకు వేసి తిప్పడమే దానికి వైద్యం. నల్లులకైతే ఆవిరి మంచి ఆయుధం, పద్ధతి తెలిస్తే. సన్న ధారతో కొడితే నల్లులు ఎగిరి పక్క సందులో పడతాయి. గుడ్డ తొడిగిన వెడల్పు నాజిల్‌ను ఆనించి, జానెడు మేరకు పది సెకన్ల చొప్పున, పరుపు కుట్టు వెంట, మంచం కీళ్ల వెంట నెమ్మదిగా నడపాలి. ఆవిరి తగిలిన నల్లీ గుడ్డూ రెండూ చస్తాయి, తగలనిది బతుకుతుంది. మందులా తర్వాత పనిచేసే గుణం దీనికి లేదు. కనుక పది పన్నెండు రోజులకు మళ్లీ ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి చేయాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచిన ఇళ్లలాంటి చోట ఆవిరిని చివరికి ఉంచుకోవాలి. ఒండ్రును నీళ్లతో కడిగి, బ్లీచింగ్ ద్రావణంతో తుడిచి, అదీ కడిగి ఆరాకే టైల్స్ సందులకు, తలుపు చట్రాల మూలలకు ఆవిరి. వరద నీరు పీల్చిన సోఫా ఫోమ్‌ను, పరుపును ఏ స్టీమ్ క్లీనరూ బతికించలేదు, బయట పారేయాలి.

సోఫా క్లీనింగ్‌కు మనుషులను పిలిచేవాళ్లు ఒక్కమాట అడగండి: పీల్చే మిషను తెస్తారా? ప్రకటనలో స్టీమ్ అని రాసినా చాలామంది చేసేది షాంపూ నురగ రుద్ది వాక్యూమ్‌తో పీల్చడం. అది తప్పు కాదు, బాగా మురికైన సోఫాకు ఇంట్లో ఆవిరి పట్టడంకన్నా అదే మేలు, ఎందుకంటే మురికినీళ్లు బయటికి వస్తాయి. పీల్చకుండా రుద్దిపోతే మాత్రం షాంపూ లోపలే ఉండి నెల తిరిగేసరికి ఇంకా ఎక్కువ దుమ్ము పడుతుంది.

బాయిలర్‌లో ఉప్పు పేరుకుంటే వేడెక్కే సమయం పెరుగుతుంది, నాజిల్ నుంచి తెల్లటి రేణువులు ఊడిపడతాయి. బోరు నీళ్లు వాడే ఇంట్లో పదిసార్లు నింపగానే, ఆర్వో నీళ్లకు నలభై యాభైసార్లకు ఒకసారి శుభ్రం చేస్తే చాలు. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లార్చి, నీళ్లు వంపేసి, కంపెనీ డీస్కేలింగ్ పొడిని చీటీ మీది కొలత ప్రకారం అర లీటరు నీళ్లలో కరిగించి పోసి, మూత బిగించకుండా రాత్రంతా వదిలేయాలి. బిగిస్తే లోపల పుట్టే గ్యాసుకు దారి ఉండదు. ఆ నీళ్లతో ఆవిరి పట్టకూడదు. వంపేసి రెండు మూడుసార్లు మంచినీళ్లతో గలగలా కడగాలి. టాయిలెట్ యాసిడ్‌తో చేస్తే లోహం తినేస్తుంది, ఆ తర్వాత ఏ సర్వీసు సెంటరూ బాగు చేయలేదు.

గొట్టాల కీళ్ల దగ్గర ఉండే రబ్బరు రింగులే మొదట పోతాయి. నీళ్లు కారడం మొదలైతే మోటారు పంపుల మామూలు రింగు వేయకండి, ఆవిరి వేడికి అది కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది. ఆవిరిని తట్టుకునే ఈపీడీఎం అనే రకం రబ్బరు రింగు, అదే సైజుది అడిగి తీసుకోండి. మిషను దాచేటప్పుడు బాయిలర్ బోర్లించి నీరంతా కార్చి, మూత వదులుగా ఉంచి, పైపును పెద్ద చుట్టగా చుట్టండి. బిగుతుగా మడిస్తే గన్ మొదట్లో పగులుతుంది, ఆ పైపు విడిగా మార్చే వీలు అన్ని మోడళ్లలో ఉండదు. కొనేముందు ఈ ఒక్క విషయం షాపులో అడిగి తెలుసుకోండి.